గంజి జిగురు

అమీను ఉద్యోగంలో నాకు తెలిసిన తలుపులు
మనుషులకన్నా ఎక్కువ.
గిద్దలూరు కోర్టు నుంచి రాచర్ల దాకా
ఏ తలుపుకు గడియ వదులో,
ఏ తలుపెనక ఊపిరి బిగబట్టి నిలబడతారో
నా చెప్పులక్కూడా ఎరికే.

ఆ పొద్దు సంచిలో ఉన్న సమన్లు
గోనుగుంట ఓబులేసు పేరు మీద.
ప్రోనోటు దావా. అసలు మూడు లక్షలు, నూటికి రెండు.
మూడు బోర్లేశాడంట, ఆరొందల అడుగులు.
మొదటిదాంట్లో దుమ్ము. రెండోదాంట్లో దుమ్ము.
మూడోదాంట్లో తడిసిన దుమ్ము.
పిలకాయలు రాళ్ళెయ్యకుండా
గొట్టం మూతికి సత్తుగిన్నె బోర్లించి ఉంది.

"యాడుండాడమ్మా మీ ఆయన?"
"మంచులో," అనింది కేశమ్మ,
పక్కూళ్ళో అన్నట్టు.

మనిషి దొరక్కపోతే కాగితం తలుపుకు అంటించాల.
నా జిగురు సీసా ఎండకు గడ్డకట్టింది.
ఆమె లోపలికి పోయి
చిప్పలో గంజి తెచ్చింది.
"పిల్లోడి పుస్తకాలకు అట్టలు దీంతోనే ఏస్తా. ఇది పట్టుద్ది సామీ."
తన ఇంటి మీదికొచ్చిన దావాను
తనే నాలుగు మూలలా ఒత్తి అంటించింది
గాలికి లేవకుండా.

"ఆయనకు చెప్పినావా?"
"వారానికోసారి ఫోను. మూడు నిమిషాలు.
ఒక నిమిషం గాలి మాట్లాడుద్ది.
ఒక నిమిషం పిల్లోడు.
మిగిలిన నిమిషంలో రత్తయ్య యాడ పడతాడు?"

ముప్పై ఏళ్ళలో ఏ గడప మీదా కూర్చోని వాణ్ణి
కూర్చున్నా.
తెల్లదొరల నాటి చట్టం ఒకటుందని చెప్పా.
మా బీరువాలో చెదలు ఓ మూల కొరికి
రుచించక వదిలేసిన పుస్తకం.
కాపలా కాసే సిపాయి
కోర్టులో నిలబడలేడు గనక
దావానే నిలబడాలంటది అందులో.
పై అధికారి రాసివ్వాల. కాగితం కోర్టుకు చేరాల.
పిల్లోడి పెన్సిలడిగి
ఎవరికి రాయాలో నా బస్సు టిక్కెట్టు వెనక రాసిచ్చా.
అమీను చెయ్యాల్సిన పని కాదది.

నలభై రోజులకు వచ్చింది,
ఊదారంగు గుండ్రటి ముద్రతో, సగం హిందీ.
బెంచి గుమాస్తా ముందు తలకిందులుగా చదివాడు.
జడ్జీగారు కళ్ళద్దాలు తీసి
కిటికీలోంచి నల్లమల వైపు కాసేపు చూశారు,
అక్కడేదో తెల్లగా కనపడుద్దేమో అన్నట్టు.
వాయిదా వేశారు.
తేదీ లేని వాయిదా నేను చూడటం అదే మొదలు.

గేటు దగ్గర రత్తయ్య నిమ్మసోడా ఇప్పించాడు.
"నేనేం కసాయోణ్ణి కాదప్పా.
నా కూతురి ఆపరేషను డబ్బులవి.
దావా ఆగింది, సరే. వడ్డీ ఆగిందా?"
పుస్తకం మళ్ళీ తిరగేశా.
ఆగుతుందని రాసిన గీత నా కంటికి ఆనలేదు.
వడ్డీకి సెలవు లేదు, నిద్ర లేదు.
అదీ ఒక రకం కాపలాయే,
రాత్రంతా మన గడప ముందే.

కబురు చెప్పాలని పనిలేకపోయినా పోయా.
తలుపు మీద సమన్లు లేవు.
నాలుగు మూలల తెల్లటి మరక మాత్రం ఉంది.
"మేక తినింది సామీ!" అని నవ్వింది కేశమ్మ.
"గంజి వాసనకు. కేసు కొట్టేసినట్టేనా?"
"కొట్టెయ్యలా. ఆగింది."
"ఎందాకా?"
"ఆయన దిగొచ్చిందాకా."

ఆమె నవ్వు
సగంలో ఉన్నచోటే ఉండిపోయింది.
గోడ మీది క్యాలెండరు వైపు చూసింది.
ఎర్ర పెన్సిలుతో గీసిన రోజులు,
గియ్యాల్సిన రోజులు.
ఈమె ఎదురుచూసే రోజూ
రత్తయ్య ఎదురుచూసే రోజూ
ఒకే గడిలో ఉన్నాయని
నా నోటితో నేనే చెప్పా.

"అక్కడ మంచు ఎప్పుడు కరుగుద్దమ్మా?" అని
అడగబోయి మానుకున్నా.

మేక మళ్ళీ వచ్చింది.
తలుపు మీద ఏమీ లేదని తెలిసీ
ఆ మరకనే
నాకుతా నిలబడింది.